కెమిస్ట్రీ చదివిన అమ్మాయి పేటెంట్ లాయర్ కావాలంటే

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఎల్‌ఎల్‌బీ చేసి పేటెంట్ లాయర్ అవుతానంటోంది. ఇన్నేళ్లు చదివిన సైన్సు వృథా కాదా? పైగా ఈ రాతపని అంతా ఇకపై కృత్రిమ మేధ చేసేస్తుందని అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి

జవాబు: సైన్సు వృథా అవుతుందన్న బెంగ ముందుగా వదిలేయండి. ఈ వృత్తికి పునాదే అది. 1970 నాటి పేటెంట్ల చట్టం 126వ సెక్షన్ ప్రకారం పేటెంట్ ఏజెంటుగా, అంటే ఆవిష్కర్తల తరఫున పేటెంట్ దరఖాస్తులు నడిపే వ్యక్తిగా, నమోదు కావాలంటే 21 ఏళ్లు నిండాలి, సైన్సులో గానీ ఇంజినీరింగ్, టెక్నాలజీల్లో గానీ డిగ్రీ ఉండాలి, పేటెంట్ కార్యాలయం పెట్టే పరీక్షలో నెగ్గాలి. లా డిగ్రీ అక్కర్లేదు. మీ అమ్మాయికి బీఎస్సీ ఉంది కాబట్టి ఆ పరీక్ష రాసే అర్హత ఇప్పటికే ఉంది. చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియక నేరుగా లా కాలేజీల చుట్టూ తిరుగుతుంటారు.

ఔషధాల పేటెంట్లలో కెమిస్ట్రీ ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక్క తీర్పు చాలు. గ్లివెక్ అనే కేన్సర్ మందు విషయంలో స్విట్జర్లాండ్ ఔషధ సంస్థ నోవార్టిస్ వేసిన కేసును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. తెలిసిన పదార్థానికే కొత్త రూపం తెచ్చినప్పుడు, దాని వల్ల మందు గుణం నిజంగా పెరిగిందని చూపించకపోతే పేటెంట్ రాదని చట్టంలోని 3(డి) సెక్షన్ చెబుతుంది. గ్లివెక్‌లోని ఇమాటినిబ్ మెసిలేట్ అనే లవణానికి చెందిన బీటా స్ఫటిక రూపం ఆ పరీక్షకు నిలుస్తుందా అన్నదే అక్కడి వాదన. స్ఫటికాల పొడి సాఫీగా జారుతుంది, తేమను తక్కువగా పీలుస్తుంది అన్న లక్షణాలు రోగం నయం చేసే శక్తి కిందికి రావని కోర్టు తేల్చింది. ఇలాంటి కేసులో స్ఫటికమంటే ఏమిటో తెలియని లాయరు కక్షిదారు చెప్పినదాన్ని అప్పజెప్పగలడు తప్ప, ఎదుటివారి ప్రయోగఫలితాల్లో లోపం పట్టలేడు. మీ అమ్మాయి పట్టగలదు.

మరి ఎల్‌ఎల్‌బీ ఎందుకు? పేటెంట్ ఏజెంటు దరఖాస్తులు రాసి దాఖలు చేయవచ్చు, వాటిపై నిర్ణయం తీసుకునే పేటెంట్ కార్యాలయ అధికారి, అంటే కంట్రోలర్ ముందు వాదించవచ్చు. కంట్రోలర్ కాదన్నాక పైకి వెళ్లాలంటే హైకోర్టే దిక్కు. అక్కడ వాదించాలంటే న్యాయవాది కావాలి. ఒకప్పుడు ఈ అప్పీళ్లు వినడానికి మేధోసంపత్తి (పేటెంట్లు, కాపీరైట్ల వంటి హక్కులు) అప్పిలేట్ బోర్డు ఉండేది. 2021లో దాన్ని రద్దు చేశారు. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు ఈ వ్యాజ్యాల కోసం ప్రత్యేక విభాగం ఏర్పాటు చేసుకుంది, తర్వాత మద్రాసు హైకోర్టు కూడా అదే దారి పట్టింది. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చూసేది చెన్నై పేటెంట్ కార్యాలయమే కాబట్టి మద్రాసు సంగతి మనకు ముఖ్యం. సైన్సు తెలిసి, నల్లకోటు కూడా ఉన్నవారి అవసరం ఈ మార్పుతో పెరిగిందని నా అభిప్రాయం.

అయినా ముందు ఏజెంటు పరీక్ష, తర్వాతే లా అంటాను. మూడేళ్లు, ఫీజులు పెట్టే ముందు ఈ పని తనకు నచ్చుతుందో లేదో ఆమెకు తెలియాలి. అది తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని దారి ఉంది. మూత ఉన్న నీళ్లసీసాను ఇప్పుడే ఎవరో కనిపెట్టారనుకుని, దానికి ఒక క్లెయిము రాయమనండి. హక్కు ఎంతవరకో గీత గీసే వాక్యమే క్లెయిము. ‘ప్లాస్టిక్ మూత’ అని రాస్తే, పోటీదారుడు స్టీలు మూత పెట్టి తప్పించుకుంటాడు. ‘ద్రవాన్ని నిలిపే పాత్ర’ అని రాస్తే, వేల ఏళ్లుగా ఉన్న కుండ అడ్డొచ్చి క్లెయిమే నిలవదు. ఈ రెండింటి మధ్య సరైన మాట కోసం గంటసేపు కూర్చుని, కొట్టేసి, మళ్లీ రాయడంలో ఆమెకు ఆనందం దొరికితే, ఈ వృత్తి ఆమెదే. విసుగొస్తే ఇప్పుడే తెలియడం మంచిది. పరీక్ష రెండో పేపరు దాదాపుగా ఈ నేర్పు మీదే ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఆ పరీక్ష ఏటా జరుగుతుందని నమ్మకం పెట్టుకోకండి. 2018 తర్వాత మళ్లీ 2023లో గానీ పెట్టలేదు. ఈలోగా ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా నేర్పే ప్రాథమిక కోర్సు పూర్తిచేయవచ్చు. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఇచ్చే పేటెంట్ చట్టాల డిప్లొమా కూడా పనికొస్తుంది. ఎల్‌ఎల్‌బీని మాత్రం దూరవిద్యలో చదవనివ్వకండి. దానితో న్యాయవాదిగా నమోదు కానివ్వరు. సైన్సు, ఇంజినీరింగ్ పట్టభద్రుల కోసమే మేధోసంపత్తి చట్టాల్లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ నడుపుతున్న ఐఐటీ ఖరగ్‌పూర్‌ను తప్పక పరిశీలించండి.

కృత్రిమ మేధ గురించి. పాత పేటెంట్లు వెతకడం, తొలి చిత్తుప్రతి రాయడం వంటి పనులు తేలికవుతున్న మాట నిజం. కేవలం వెతుకులాట మీదే బతికే ఉద్యోగం ఆమెకు నేను సూచించను. కానీ ఇంకా బయటపడని ఆవిష్కరణను అందరూ వాడే చాట్ సేవలో పెట్టడం కక్షిదారు రహస్యాన్ని వీధిలో పెట్టడమే అవుతుంది. క్లెయిములో ఏ మాట ఉంచాలో తేల్చి, దానికి బాధ్యత వహించి సంతకం చేసే మనిషి ఉండి తీరాలి. పైగా ఆ సాంకేతికతే కొత్త వ్యాజ్యాలు తెస్తోంది. చాట్‌జీపీటీ శిక్షణకు తమ వార్తలు వాడుకున్నారంటూ ఏఎన్ఐ వార్తాసంస్థ 2024లో దాని తయారీదారు ఓపెన్ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకెక్కింది.

సంపాదన సంగతి దాచను. కోర్టు వైపు వెళితే తొలి సంవత్సరాలు కష్టంగానే గడుస్తాయి. జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000 రూపాయలు, పల్లెల్లో 15,000 ఇవ్వాలని న్యాయవాద వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సిఫార్సు మాత్రమే, అందరూ ఇవ్వరు. అందుకే ఏజెంటు పరీక్ష నెగ్గి, ఏదైనా ఔషధ సంస్థ పేటెంట్ విభాగంలో రెండు మూడేళ్లు పనిచేసి, కొంత కూడబెట్టుకుని లాలో చేరమంటాను.

ఈ వారాంతం ఆ నీళ్లసీసా క్లెయిము రాయించండి. మూడోసారి తిరగరాసిన ప్రతి నాకు పంపితే చదివి, ఎక్కడ తప్పించుకోవచ్చో గుర్తుపెట్టి తిరిగి పంపుతాను.