చివరి మాత్ర వేసుకునే రోజు దాకా నిలవాల్సిన డబ్బు

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర ఒక పల్లె. మా ఆయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నెలకు 24 వేలు చేతికి వస్తాయి. నేను కుట్టుపని చేసి ఎనిమిది వేల దాకా సంపాదిస్తాను. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా పాపకు (16 ఏళ్లు) బ్లడ్ క్యాన్సర్ అని, అందులో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అని తేలింది. బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పది రోజులు ఉంటే 3.40 లక్షలు అయింది. డిపాజిట్ తీసి 1.40 లక్షలు కట్టాం, మిగతా 2 లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. వైద్యం మొత్తానికి 14 లక్షలు అవుతుందంటున్నారు. మాకు రెండున్నర ఎకరాల చీనీ తోట, తొమ్మిది తులాల బంగారం, పాప పేరున 2016లో తెరిచిన సుకన్య ఖాతాలో 1.80 లక్షలు, ఆయనకు పీఎఫ్ ఉన్నాయి. మా బావగారు తోటకు బేరం తెచ్చారు, ఈ నెలలోనే రిజిస్ట్రేషన్ అంటున్నారు. ప్రభుత్వ పథకం కింద చేయిస్తే మంచి మందులు ఇవ్వరని చుట్టాలు భయపెడుతున్నారు. గవర్నమెంటు టీచరైన మా తమ్ముడు లక్షన్నర ఇస్తానన్నాడు. దానికి అతనికి పన్ను మినహాయింపు వస్తుందా? తోట అమ్మేయమంటారా? – ఒక తల్లి, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, మీరు చివరన అడిగిన ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. తోట ఇప్పుడు అమ్మవద్దు. ఎప్పటికీ అమ్మకూడదని నా ఉద్దేశం కాదు. ఈ నెలలో, ఈ కంగారులో, ఒకే ఒక్క బేరగాడికి అమ్మవద్దని చెబుతున్నాను. అలా ఎందుకంటున్నానో తెలియాలంటే మీ పాప వైద్యం ఎంతకాలం సాగుతుందో, ఏ దశలో ఎంత ఖర్చు వస్తుందో ముందు చూడాలి.

ఈ రకం క్యాన్సర్‌కు చికిత్స సాధారణంగా రెండు నుంచి రెండున్నరేళ్లు నడుస్తుంది. మొదటి ఆరు నుంచి ఎనిమిది నెలలు ఆసుపత్రిలో చేరడం, ఇంజెక్షన్లు, రక్తం ఎక్కించడం, ఇన్‌ఫెక్షన్లతో మళ్లీ చేరడం వంటివన్నీ ఉండే గడ్డు దశ. ఆ తర్వాత ఎక్కువ భాగం ఇంటి దగ్గరే మాత్రలు వేసుకుంటూ, క్రమం తప్పకుండా రక్తపరీక్షలకు వెళ్లివచ్చే దీర్ఘ దశ మొదలవుతుంది. పాప ఆరోగ్యంగా కనిపిస్తుంది, జుట్టు మళ్లీ వస్తుంది, చేతిలో డబ్బు అప్పటికే అయిపోయి ఉంటుంది. అందుకే చాలా కుటుంబాలు సరిగ్గా ఆ దశలోనే వైద్యం ఆపేస్తాయి. మన దేశంలో పిల్లల క్యాన్సర్ తిరగబెట్టడానికి ఇలా మధ్యలో మానేయడం ఒక ముఖ్య కారణమని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. కాబట్టి మీ డబ్బు ప్రణాళిక ముప్పై రోజులకు కాదు, ముప్పై నెలలకు వేసుకోవాలి. మొదటి నెలలోనే ఉన్నదంతా ఊడ్చి పెట్టే ఏ నిర్ణయమైనా, అది ఎంత ప్రేమతో తీసుకున్నదైనా, పాపకు మేలు చేయదు.

మీ ఇద్దరి ఆదాయం కలిపితే ఏడాదికి 3.84 లక్షలు. మొన్నటిదాకా ఆరోగ్యశ్రీ అని పిలిచిన ఎన్టీఆర్ వైద్య సేవకు ఆదాయ పరిమితి 5 లక్షలు, కుటుంబానికి వైద్యం పరిమితి 25 లక్షలు. రెండున్నర ఎకరాల తోట మీ అర్హతకు అడ్డు రాదు. మంచి మందులు ఇవ్వరన్న భయం గురించి నేను వైద్యుడిగా మాట్లాడలేను గానీ, ఒక్క సంగతి చెప్పగలను: ఈ జబ్బుకు వాడే ప్రధాన ఔషధాలు విన్‌క్రిస్టిన్, ఆస్పరాజినేజ్, మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్ దశాబ్దాలుగా వాడుకలో ఉన్నవే, గది అద్దె ఎక్కువైనంత మాత్రాన మారేవి కావు. పిల్లల రక్త క్యాన్సర్లను చూసే నిపుణులు ఉన్నారా, ఇన్‌ఫెక్షన్ వస్తే రాత్రివేళ కూడా చేర్చుకుంటారా, రక్తనిధి ఉందా అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి, అలాగే టీటీడీతో కలిసి టాటా ట్రస్టులు నెలకొల్పిన క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. తాడిపత్రి నుంచి కడప, రేణిగుంట మీదుగా రైలులో చేరుకోవచ్చు. కర్నూలు సర్వజన ఆసుపత్రి, హైదరాబాదులోని ఎంఎన్‌జే, బెంగళూరులోని కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రులు కూడా పరిశీలించదగ్గవే. ఏది ఎంచుకున్నా, అక్కడ పథకం కింద ఈ చికిత్సకు అనుమతి ఉందో లేదో ఆ ఆసుపత్రి సహాయ కేంద్రంలో గానీ 104 నంబరులో గానీ అడిగి, చేరడానికి ముందే రూఢి చేసుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. చికిత్సలో మొదటి దశ నాలుగైదు వారాల పాటు ఒక పద్ధతి ప్రకారం సాగుతుంది. డబ్బు మిగులుతుందని దాన్ని మధ్యలో తెంచి ఊరు మార్చకండి. ఎప్పుడు మారవచ్చో ప్రస్తుత డాక్టరునే అడగండి. ఏ ప్రోటోకాల్ (నిర్ణీత చికిత్సా పద్ధతి) మొదలుపెట్టారు, ఏ తేదీన ఏ మందు ఎంత మోతాదులో ఇచ్చారు అన్న వివరాలతో కూడిన సారాంశం, ఎముక మజ్జ పరీక్ష నివేదికలు, ఒరిజినల్ బిల్లులు అడిగి తీసుకోండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టాలంటే ఆ ఒరిజినల్ బిల్లులే ఆధారం. ఇప్పటికే కట్టిన 3.40 లక్షలను వైద్య సేవ పథకం తిరిగి ఇస్తుందని ఆశ పెట్టుకోకండి. సహాయ నిధి నుంచి ఎంతో కొంత వస్తే దాన్ని అదనంగా భావించండి, లెక్కలోకి తీసుకోకండి.

పథకం మందులకూ పడకకూ సరిపోతుంది. కుటుంబాలను కుంగదీసేది ఆసుపత్రి గేటు బయటి ఖర్చు. మొదటి ఎనిమిది నెలలు ఆసుపత్రి దగ్గర గది అద్దె, వంట, ఆటోలు, పథకంలోకి రాని పరీక్షలు అన్నీ కలిపి నెలకు 18 వేలు అనుకుందాం, అవి 1.44 లక్షలు. ఆ ఎనిమిది నెలలూ మీ మిషను ఆగిపోతుంది కాబట్టి మీ ఎనిమిది వేల సంపాదన పోయి మరో 64 వేల లోటు వస్తుంది. తర్వాతి ఇరవై రెండు నెలలు రాకపోకలు, పరీక్షలకు నెలకు ఆరు వేల చొప్పున 1.32 లక్షలు. మూడూ కలిపితే 3.40 లక్షలు. బెంగళూరులో పది రోజులకు ఎంతయిందో, ముప్పై నెలల బయటి ఖర్చు కూడా అంతే. దీనికి తోడు, ఒంట్లో తెల్ల రక్తకణాలు పడిపోయి జ్వరం వస్తే అర్ధరాత్రి దగ్గరున్న ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావచ్చు. అందుకోసం లక్షన్నర సిద్ధంగా ఉంచుకోవాలి. ఈ ఖర్చులో గది అద్దె దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పదిమంది కిక్కిరిసి ఉండే చవక లాడ్జి ఇన్‌ఫెక్షన్‌కు ఇల్లు. అక్కడ మిగిలిన రెండు వేలు ఇంకోచోట ఇరవై వేలుగా పోతాయి.

ఇప్పుడు ఆ నూటికి మూడు రూపాయల అప్పు సంగతి. నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. రెండు లక్షల మీద నెలకు ఆరు వేల వడ్డీ, ముప్పై నెలలకు 1.80 లక్షలు, అసలు మాత్రం అలాగే ఉంటుంది. ఈ వారంలోనే బంగారం బ్యాంకులో పెట్టి ఆ అప్పు తీర్చేయండి. ప్రైవేటు తాకట్టు దుకాణానికి కాదు, బ్యాంకుకే వెళ్లండి. ఏడాదికి 9 శాతం చొప్పున లెక్క వేస్తే నెలకు పదిహేను వందలు, ముప్పై నెలలకు 45 వేలు అవుతుంది. మిగిలేది 1.35 లక్షలు, అంటే మాత్రలు వాడే దశ మొత్తానికి కావాల్సిన రాకపోకల ఖర్చు ఈ ఒక్క పనితో సమకూరుతుంది. ఇప్పటి బంగారం ధరల్లో రెండు లక్షల కోసం తొమ్మిది తులాలూ పెట్టాల్సిన అవసరం లేదు, నాలుగు తులాల లోపే సరిపోతుంది. మిగతాది ఇంట్లోనో లాకరులోనో ఉంచండి, పైన చెప్పిన అత్యవసర లక్షన్నరకు ఆ బంగారమే మీ భరోసా. అప్పు తీర్చిన రోజున ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోవడం, బంగారు రుణానికి ఏడాది గడువు దాటకుండా వడ్డీ కట్టి తిరగరాయించడం మరవకండి. పెద్దల కాలం నగలను తాకట్టు పెట్టడం కొందరికి చిన్నతనంగా ఉంటుంది. నన్నడిగితే నగ ఉన్నది ఇలాంటి రోజు కోసమే.

మొదటి ఎనిమిది నెలలకు కావాల్సిన 2.08 లక్షలు ఎక్కడివి? మీ తమ్ముడిచ్చే లక్షన్నర ఒకటి. మీ ఆయన పీఎఫ్‌లో వైద్యం కోసం అడ్వాన్స్ తీసుకునే వీలుంది, అది తిరిగి కట్టాల్సిన పని లేదు, కన్నబిడ్డకు క్యాన్సర్ అన్నది అందుకు తగిన కారణమే. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, కానీ ఆధార్‌లో పేరుకూ పీఎఫ్ ఖాతాలో పేరుకూ అక్షరం తేడా ఉన్నా నెలలు గడిచిపోతాయి, ఇవాళే సరిచూసుకోండి. అందులోంచి ఓ అరవై, డెబ్బై వేలు తీసుకుంటే మొదటి దశ గడుస్తుంది. ఆ తర్వాతి దశలో మీ మిషను మళ్లీ నడుస్తుంది కాబట్టి నెలకు ఆరు వేలు జీతంలోంచే వస్తాయి. ఈ లెక్కలో తోట అవసరం ఎక్కడా రాలేదు, గమనించారా?

బావగారికి మీ మీద ప్రేమ లేదని నేననను. కానీ బిడ్డ జబ్బుతో ఉన్న ఇంటి భూమికి సరైన ధర పలకదని కొనేవాడికి అందరికంటే బాగా తెలుసు. అదీగాక చీనీ చెట్లు కాపు మీద ఉన్న తోట ఏటా ఆదాయం ఇచ్చేది. పాప దగ్గర మీరిద్దరూ ఉంటే తోటను చూసేవారు లేరన్నదే సమస్యైతే, రెండేళ్లకు గుత్తకిచ్చి, సగం సొమ్ము ముందుగా తీసుకుని కాగితం రాసుకోండి. అంతా చేసినా చాలక, డాక్టర్లు పథకంలో లేని చికిత్స తప్పదంటే, అప్పుడు అర ఎకరమో ఎకరమో మార్కెట్ ధర తెలుసుకుని అమ్ముకోవచ్చు. ఆ దారి రేపు కూడా తెరిచే ఉంటుంది, రిజిస్ట్రేషన్ అయిపోయాక వెనక్కి వచ్చే దారి మాత్రం ఉండదు.

సుకన్య ఖాతాను కూడా అలాగే వదిలేయండి. ప్రాణాంతక జబ్బు వస్తే ఖాతా తెరిచిన అయిదేళ్ల తర్వాత మూసేసి డబ్బు తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి, మీకు ఆ అర్హత ఉంది. అయినా వద్దంటున్నాను. ఏడాదికి 250 రూపాయలైనా వేస్తూ ఖాతాను బతికించి ఉంచండి. పదో తరగతి పాసైంది కాబట్టి చదువు కోసం, అంతకుముందు ఆర్థిక సంవత్సరం చివరన ఉన్న నిల్వలో సగం వరకు తీసుకునే వీలు ఇప్పటికే ఉంది. ఈ జబ్బు నుంచి కోలుకుని చదువుకుంటున్న పిల్లలు ఎందరో ఉన్నారు, పాప చదువు డబ్బును పాప చదువుకే ఉంచాలి. ఈ ఏడాది కాలేజీకి వెళ్లలేకపోతే ఏపీ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఇంటర్ పూర్తిచేసే మార్గం ఉంది. తల్లికి వందనం సొమ్ముకు హాజరు నిబంధన ఉన్నందున పాప వంతును ఈ ఏడాది లెక్కలో పెట్టుకోకండి.

రైల్వే రాయితీని చాలామంది వాడుకోరు. వైద్యం కోసం వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒకరికి ఆ తరగతుల్లో 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత పత్రం చూపించాలి.

మీ తమ్ముడి సంగతి: పాత పన్ను విధానంలో క్యాన్సర్ చికిత్సకు 40 వేల వరకు ఇచ్చే మినహాయింపు భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు తన మీద ఆధారపడినప్పుడే వర్తిస్తుంది. మేనకోడలికి వర్తించదు. అయితే తమ్ముడు అక్కకు ఇచ్చిన సొమ్ము మీద మీకు ఏ పన్నూ పడదు. నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా వేయించుకోండి.

ఎవరైనా ఆన్‌లైన్‌లో పాప ఫొటో పెట్టి విరాళాలు సేకరిద్దామంటే, ముందు పాపను అడగండి. పదహారేళ్ల పిల్ల గుండుతో ఉన్న బొమ్మ ఏళ్ల తరబడి ఫోన్లలో తిరుగుతుంది; కాదనే హక్కు పాపకు ఉంది. ఖర్చుల గురించి కూడా పాపకు తెలియకుండా గుసగుసలాడకండి. ఆ వయసు పిల్లలు తలుపు చాటు నుంచి అంతా వింటారు, సగం విని తాము భారమైపోయామని అనుకుంటారు. తోట అమ్మడం లేదని, పథకం ఉందని, లెక్క సరిపోయిందని మీరే నేరుగా చెప్పండి.

ఇక మీ ఆయన. ఈ ముప్పై నెలలూ ఇల్లు నిలబడాల్సింది ఒకే జీతం మీద. ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా) ఆయన బ్యాంకు ఖాతాలో లేకపోతే వెంటనే చేయించండి, ఒక్కొక్కటి రెండు లక్షలకు. పీఎఫ్‌తో పాటే బీమా రక్షణ కూడా ఉంటుంది కాబట్టి అందులో నామినీగా మీ పేరు ఉందో లేదో చూడండి. పాప జబ్బు దాచి కొత్త ఆరోగ్య పాలసీ చేయిస్తానని ఏ ఏజెంటైనా వస్తే ఇంటి గడప దాటనివ్వకండి. దాచిన సంగతి బయటపడితే పాలసీ రద్దవుతుంది, కట్టిన ప్రీమియం కూడా పోవచ్చు. మీ అబ్బాయో అమ్మాయో ఇంకొకరు ఉంటే వారికీ మీ ఇద్దరికీ విడిగా పాలసీ తీసుకునే ఆలోచనను ఆ ఎనిమిది నెలలు గడిచాక చేద్దురుగాని. అప్పుడు పీఎఫ్ నిల్వ, బంగారు రుణం వివరాలతో మళ్లీ రాయండి.