బంతి అవతల ఉన్నప్పుడు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు.

ఏటా జట్లు కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డల్లాస్ కౌబాయ్స్ తన డిఫెన్స్‌కి ఎవర్ని తెచ్చుకోవాలన్న విషయం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది, అచ్చుతప్పులు లేవు. మెప్పుకోలు ఇంతటితో సరి.

నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర నాకు ఒళ్లు మండింది. "40 గజాలు 4.4 సెకన్లలో పరిగెత్తే ఈ కార్నర్‌బ్యాక్ వస్తే డల్లాస్ డిఫెన్స్ కష్టాలు తీరినట్టే" అని రాశావు, బంతి అందుకునే రిసీవర్‌ని కాచేవాడి గురించి. దాని కింద ఒక పట్టిక. ఎత్తు, బరువు, చేతుల పొడవు, నిలువుగా ఎంత ఎగిరాడు, బరువులు ఎన్నిసార్లు ఎత్తాడు. ఆ పట్టిక రెండు పేజీలు మింగేసింది. అంతా చదివాక ఆ కుర్రాడికి చొక్కా కుట్టమంటే కుట్టగలను. ఆట ఎలా ఆడతాడో మాత్రం నాకు తెలియదు.

తొమ్మిదో పేజీకి వచ్చాక ఇంకా మండింది. అక్కడ బ్రాకెట్లలో ఒక నాలుగు వాక్యాలు ఇరికించావు. మీ నాన్నగారితో కలిసి ఆ కుర్రాడి కాలేజీ ఆట చూడ్డానికి వెళ్లావట. బంతి మైదానం అవతలి వైపు పోయింది. పట్టుకున్నవాడు ముందెవరూ లేక గీత వైపు దూసుకుపోతుంటే, ఇవతలి చివర ఉన్న మనవాడు అడ్డంగా పరుగందుకుని ఐదు గజాల దూరంలో వెనక నుంచి పడేశాడట. ఆ తర్వాత మూడు డౌన్‌లూ, అంటే ముందుకు జరగడానికి చేసిన మూడు ప్రయత్నాలూ, వాళ్ల డిఫెన్స్ ఆపింది. ఏడు పాయింట్లు రావలసిన చోట ఎదుటివాళ్లు బంతిని తన్ని తెచ్చుకునే ఫీల్డ్ గోల్ మూడుతో సరిపెట్టుకున్నారు. లేచి నిలబడ్డాక వాడు ఆ వైపు ఆడిన తోటివాడి హెల్మెట్ మీద ఒక్కటి తట్టి, మళ్లీ తన మూలకి పోయి నిలబడ్డాడని రాశావు.

అమ్మాయ్, వ్యాసమంతా అదే కదమ్మా! దాన్ని తీసుకెళ్లి బ్రాకెట్లలో పెడతావా? ఆ 4.4 సెకన్లు ఎందుకు పనికొస్తాయో అక్కడ కనబడింది. అంత వేగం ఉన్నవాళ్లు ఏటా చాలామందే వస్తారు. బంతి తనవైపు రాలేదని తెలిశాక కూడా మైదానం అడ్డంగా పరిగెత్తేవాళ్లు అందులో ఎందరు?

నాకున్న పిచ్చి ఇదొక్కటే, ముందే చెప్పేస్తున్నాను. డిఫెన్స్‌లో ఆడేవాణ్ణి ఎంచుకోవాలన్నా, వాడి గురించి రాయాలన్నా, బంతి తన దగ్గర లేనప్పుడు వాడేం చేస్తాడో చూడాలి. స్నాప్ అంటే బంతి వెనక్కి అందించి మొదలెట్టే ఒక్కో ఎత్తు, స్కోరుషీట్‌లో వాడి పేరు లేని స్నాప్‌లు చూడాలి. ఆటలో తొంభై పాళ్లు అవే.

2015 ఫిబ్రవరి 1న అరిజోనాలో జరిగిన ఫైనల్, సూపర్ బౌల్ ముగింపు చూసే ఉంటావు. పేట్రియట్స్ 28, సియాటిల్ సీహాక్స్ 24. సియాటిల్‌కి గోల్ గీత ఒక్క గజం దూరం, గడియారంలో 26 సెకన్లు. వాళ్ల తరఫున బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ విసిరాడు, పేట్రియట్స్ కార్నర్‌బ్యాక్ మాల్కమ్ బట్లర్ మధ్యలో దూరి లాక్కున్నాడు. బట్లర్‌ని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. వెస్ట్ అలబామా అనే చిన్న కాలేజీలో ఆడాడు, అంతకుముందు పొపైస్ చికెన్ దుకాణంలో పనిచేశాడు. ఈ కథ అందరూ రాశారు, నువ్వూ రెండో పేజీలో రాశావు. సరే. ఇప్పుడా దృశ్యం మళ్లీ పెట్టి, బట్లర్‌ని వదిలేసి అతని ముందున్న తోటివాణ్ణి చూడు. సియాటిల్ రిసీవర్లు ఇద్దరు ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ముందున్న కెర్స్ పని బట్లర్ దారికి అడ్డం పడటం. వెనకున్న లాకెట్ ఆ సందులోంచి లోపలికి వచ్చి బంతి అందుకోవాలి. స్నాప్ పడగానే పేట్రియట్స్ తరఫున బ్రాండన్ బ్రౌనర్ కెర్స్ గుండెల మీద రెండు చేతులూ వేసి ఉన్నచోటే నిలిపేశాడు. కెర్స్ ఒక్క అడుగు ముందుకు పోయినా బట్లర్‌కి ఆ దారి దొరికేది కాదు. బ్రౌనర్ బంతిని ముట్టుకోలేదు, స్కోరుషీట్‌లో ఆ స్నాప్‌కి ఎదురుగా అతని పేరు లేదు. అన్నట్టు ఇతణ్ణీ 2005 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. కెనడా వెళ్లి కాల్గరీలో ఏళ్లతరబడి ఆడి వెనక్కి వచ్చాడు. వచ్చి చేరింది ఏ జట్టులో అనుకున్నావు? సియాటిల్‌లోనే. అక్కడ మూడు సీజన్లు ఆడి ఉన్నాడు కాబట్టే వాళ్లు అలా నిలబడితే ఏం చేస్తారో అతనికి తెలుసు. బట్లర్‌కి కూడా ఊరికే తట్టలేదు. ఆ వారం ప్రాక్టీసులో అదే ఎత్తుగడకి దొరికిపోయి కోచ్ చేత చెప్పించుకున్నాడు. ఇందులో ఏ ఒక్కటీ పట్టికలో పట్టదు.

నేను కృష్ణా జిల్లాలో అచ్చయిన లైన్ల లెక్కన డబ్బిచ్చే లైన్ అకౌంట్ మీద పేపర్‌కి కంట్రిబ్యూటర్‌గా ఉన్న రోజుల్లో సంక్రాంతికి ఊళ్లలో కబడ్డీ పోటీలు జరిగేవి. ఫ్లడ్‌లైట్ల కింద అర్ధరాత్రి దాటేదాకా ఆట. ఒకసారి ఫైనల్లో ఒక బక్కపలచని కుర్రాడు కవర్ స్థానంలో ఆడాడు. రాత్రంతా ఒక్కణ్ణీ పట్టలేదు. కూతకొచ్చినవాడు ఎటు తిరిగినా అటు అరడుగు జరిగేవాడు, అంతే. ఆ అరడుగుకి వచ్చినవాడు మూలకి తిరిగేవాడు, అక్కడ కార్నర్‌లో ఉన్నవాడు చీలమండ దొరకబుచ్చుకునేవాడు. చప్పట్లూ నోట్ల దండా కార్నర్‌వాడికి. నేను ఆ బక్కోడి మీద ఒక పేజీ రాసి, కవర్లో పెట్టి, తెల్లారి మొదటి ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిచ్చాను. మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. ఎవరు ఎవర్ని మట్టికరిపించారు, కప్పు ఎవరు అందించారు, వేదిక మీద ఎవరెవరు కూర్చున్నారు. డెస్క్ ఇన్‌ఛార్జ్‌కి ఫోన్ చేస్తే "గెలిచిందెవరో రాయవయ్యా, మిగతాది నవలలో రాసుకో" అన్నాడు. లైన్ అకౌంట్ కదా, నాలుగు లైన్లకి ఎంత వస్తుందో నువ్వే లెక్కేసుకో. ఆ మహానుభావుడు ఇప్పుడు కాలేజీల్లో వ్యక్తిత్వ వికాసం మీద ప్రసంగాలిస్తున్నాడట.

'మట్టికరిపించడం' అంటే గుర్తొచ్చింది. నీ వ్యాసంలో చెలరేగడాలు, విరుచుకుపడటాలు, ఊచకోతలు కొల్లలు. అవి మా తరం డెస్కులు తయారుచేసి వదిలిన సరుకు, నీకెందుకు? బ్రౌనర్ ఊచకోత కోయలేదు, రెండు చేతులతో ఒకణ్ణి ఆపాడు. అలాగే రాయి.

ఆ పట్టిక సంగతి ఇంకా వదల్లేదు నేను. 1995లో మైక్ మమూలా అనే బోస్టన్ కాలేజ్ కుర్రాడు డ్రాఫ్ట్‌కి ముందు జరిగే కంబైన్ కొలతల పరీక్షల్లో అందరి కళ్లూ చెదరగొట్టాడు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ వాళ్లు మనసు పారేసుకుని, డ్రాఫ్ట్ వరసలో 12వ స్థానం నుంచి 7కి ఎక్కడానికి టాంపాబేకి రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు, అంటే రెండో విడత ఎంపిక వంతులు, అప్పజెప్పి మరీ తెచ్చుకున్నారు. టాంపా ఆ 12వ పిక్‌తో వారెన్ సాప్‌ని తీసుకుంది. అంతటితో ఆగకుండా మళ్లీ ఫస్ట్ రౌండ్లోకి ఎక్కి 28వ పిక్‌తో డెరిక్ బ్రూక్స్‌ని పట్టింది. ఆ 28 అమ్మింది ఎవరనుకున్నావు? మన డల్లాసే, రెండు సెకండ్ రౌండ్ పిక్‌లకి. సాప్, బ్రూక్స్ ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరారు. మమూలాని వెక్కిరించడం ఫ్యాషనైంది గానీ క్వార్టర్‌బ్యాక్‌ని బంతితో సహా పడేసే సాక్‌లు ఐదు సీజన్లలో 31.5 చేశాడు, మరీ తీసిపారేయదగినవాడు కాదు. అతని పేరు ఎందుకు నవ్వులపాలైందంటే కొలతలు చూసి కొన్నందుకు. ఆ తప్పు కొన్నవాళ్లది.

2008లో వెర్నన్ గోల్‌స్టన్. 102 కిలోల బరువు 37 సార్లు ఎత్తాడు. జెట్స్ 6వ పిక్‌తో తీసుకుంది. మూడు సీజన్లలో సాక్‌లు సున్నా. అతనికంటే ఐదేళ్ల ముందు టెరెల్ సగ్స్ 40 గజాలు నెమ్మదిగా పరిగెత్తాడని కొందరు మొహం తిప్పుకున్నారు. అతను అంతకుముందు ఏడాదే అరిజోనా స్టేట్‌కి ఒక్క సీజన్లో 24 సాక్‌లు చేసి ఉన్నాడు. రేవన్స్ 10వ పిక్‌తో తీసుకుంది. రిటైరయ్యేసరికి ఖాతాలో 139 సాక్‌లు. ఆ కాలేజీ వీడియోలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి, చూసే ఓపికే లేకపోయింది.

"ఎడ్జ్ రషర్ ముందా, కార్నర్ ముందా" అని అడిగావు, అంటే అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాడా, రిసీవర్‌ని కాచేవాడా అని. కన్నం ఎక్కడుంటే అక్కడ అతుకు వెయ్యాలని నీ వ్యాసమంతా వాదించింది. 2021 సంగతి నీకు తెలిసుండాలి, ఎందుకు వదిలేశావో అర్థం కాలేదు. అంతకు ముందు సీజన్లో కౌబాయ్స్ డిఫెన్స్ 473 పాయింట్లు సమర్పించుకుంది, ఆ జట్టు చరిత్రలోనే అంత ఎప్పుడూ ఇచ్చింది లేదు. కార్నర్‌బ్యాక్ కావాలని యజమాని జెర్రీ జోన్స్ దగ్గర్నుంచి అందరూ కూర్చున్నారు. చేతిలో 10వ పిక్. 8లో జేసీ హార్న్‌ని కరోలినా ఎగరేసుకుపోయింది, 9లో ప్యాట్రిక్ సర్టైన్‌ని డెన్వర్ తీసుకుంది. కోరుకున్న ఇద్దరూ కళ్ల ముందే పోయారు. ఇక చేసేదేం లేక ఈగిల్స్‌తో బేరమాడి 12కి దిగి, చేతికొచ్చిన మూడో రౌండ్ పిక్ జేబులో వేసుకుని మైకా పార్సన్స్‌ని తీసుకున్నారు. అతను లైన్‌బ్యాకర్, డిఫెన్స్ రెండో వరసలో ఆడేవాడు, అలాంటివాళ్లు అప్పటికే ఇంట్లో ఉన్నారు. పైగా కోవిడ్ భయంతో ముందు ఏడాది అతను ఆడనే లేదు. తెచ్చుకున్నాక కూడా అతణ్ణి అంచుకు పంపింది ప్లాన్ ప్రకారం కాదు. అంచున ఆడే డిమార్కస్ లారెన్స్ ప్రాక్టీసులో పాదం విరగ్గొట్టుకుంటే, ఛార్జర్స్‌తో ఆటకి వేరే మనిషి లేక పంపారు. ఆ సీజన్ 13 సాక్‌లు, డిఫెన్స్ కొత్తవాళ్లలో మేటి అవార్డు.

అదే ఏడాది డల్లాస్ కార్నర్‌బ్యాక్ ట్రెవాన్ డిగ్స్ 11 ఇంటర్‌సెప్షన్లు, అంటే ఎదుటివాళ్లు విసిరిన బంతులు, పట్టాడు. 1981లో ఎవర్సన్ వాల్స్ పెట్టిన డల్లాస్ రికార్డుతో సమానం. కార్నర్ సమస్య తీరిందని పేపర్లు రాశాయి. డిగ్స్ మీదుగా పోయిన గజాలూ తక్కువేం కాదు, అది వేరే సంగతి. అందులో ఒక్కో ఇంటర్‌సెప్షన్ తీసుకుని, బంతి చేతిలోంచి వదిలే క్షణాన క్వార్టర్‌బ్యాక్ కాళ్లు చూడు. స్థిరంగా నిలబడి విసిరినవి ఎన్ని, ఎవరో మీద పడుతుంటే వెనక్కి జరుగుతూ విసిరినవి ఎన్ని? ఆ లెక్క నువ్వే తియ్యి, నేను చెప్పను. కార్నర్‌బ్యాక్ పేరు మీద పడిన బంతిలో అంచున ఉన్నవాడి వాటా ఎంతో తేలితే, ఏది ముందని నన్ను అడగక్కర్లేదు.

ఆ పార్సన్స్‌నే 2025 ఆగస్టులో గ్రీన్‌బేకి ఇచ్చేసి రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లూ కెన్నీ క్లార్క్‌నూ తెచ్చుకున్నారు. ఆ రోజు మా అమ్మాయి ఇంట్లో, ఇర్వింగ్‌లో, మా అల్లుడు రాత్రి అన్నం తినలేదు. నేను తిన్నాను. నాకు జట్టు ఏదైనా ఒకటే, ఆట ఉంటే చాలు.

ఎవరు ఎవర్ని తీసుకుంటారో ముందే ఊహించే మాక్ డ్రాఫ్ట్‌లు రాయడం మీద నా అభిప్రాయం అడిగావు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వారానికొకటి రాసి, డ్రాఫ్ట్ అయిన మర్నాడే జట్లకి ఏ, బీ, సీ గ్రేడ్లు వేసే పెద్దమనుషుల్ని చూస్తున్నాను. పిల్లవాడు ఇంకా హెల్మెట్ కూడా పెట్టుకోలేదు, అప్పుడే మార్కులు! ఎవరో ఎడిటర్ నిన్ను 'టాప్ 10 ప్రాస్పెక్ట్స్' రాసిమ్మంటున్నాడని చెప్పావు. రాయొద్దు. అలాంటివి నా చేత కూడా రాయించారు, క్రికెట్ వరల్డ్ కప్ వచ్చినప్పుడల్లా. పేరు కింద పడ్డా నాదనిపించలేదు.

పారితోషికం సంగతి మరోసారి మాట్లాడుకుందాం.

ఇప్పుడు చెయ్యవలసిన పని. పట్టిక తీసెయ్యి. సూపర్ బౌల్ కథ తీసెయ్యి, నేను మళ్లీ చెప్పింది నీకు, పాఠకులకి కాదు. బ్రాకెట్లు విప్పి ఆ నాలుగు వాక్యాల్ని నాలుగు పేజీలు చెయ్యి. ఆ పరుగు మొదలైనప్పుడు వాడు ఏ గీత దగ్గరున్నాడు, తన రిసీవర్‌ని ఎప్పుడు వదిలాడు, ఏ కోణంలో కోశాడు, దారిలో ఎవర్ని తప్పించుకున్నాడు, ఇవన్నీ కావాలి. ఖమ్మంలో కూర్చున్న మనిషికి ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే. వాడికి డౌన్ అంటే ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపో, ఆగి పాఠం చెప్పకు. ఆ తర్వాత వాడివే ఇంకో రెండు ఆటలు పూర్తిగా చూడు, బంతి అవతలి వైపు పోయిన స్నాప్‌లే చూడు. వాటిల్లో వాడు నడుస్తూ కనబడితే అదీ రాయి. నీ వాదం పడిపోతుంది, పడిపోనీ.

కొత్త ప్రతి పీడీఎఫ్ వద్దు, యూనికోడ్‌లో పంపు. అక్షరం పెద్దది చేసుకుని చదువుకోవాలి నేను. జట్టు పేరు ఒక చోట కౌబాయ్స్, ఇంకో చోట కోబోయ్స్, మరో చోట డల్లాస్ వాళ్లు అని ఉంది, ఏదో ఒకటి ఖాయం చేసుకో. మీ నాన్నగారికి నా నమస్కారాలు. ఆ ఆటకి టికెట్లు ఆయనే కొన్నారా?

ఉంటాను.