పాత కొట్లు పడగొట్టి కాంప్లెక్స్ కడతారట, మా నాన్న సంతకం పెట్టొచ్చా?

మీరడిగింది ఇదీ: బెజవాడ వన్ టౌన్‌లో తెల్లవాళ్ల కాలం నాటి ప్రభుత్వ కట్టడంలో మీ నాన్నగారికి అద్దె కొట్టుంది. అది తీసేసి సెల్లార్‌లో పార్కింగ్, కింద షాపులు, పైన ఆఫీసులు, ఆ పైన హోటలు కడతామని చెప్పి సమ్మతి పత్రం చేతికిచ్చారు. సంతకం పెట్టాలో, పాత కట్టడం పోతుందని అడ్డుపడాలో తేలడం లేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. పైన ఎన్ని అంతస్తులు లేస్తాయన్నది మీకు అనవసరం. కట్టినన్నాళ్లూ మీ కొట్టు ఎక్కడుంటుంది? కట్టాక కింద, రోడ్డు వైపు, మీకెన్ని అడుగులొస్తాయి? ఈ రెండూ ఆ కాగితంలో రాసి ఉంటే సంతకం పెట్టండి. లేకపోతే పెట్టొద్దు. ఎందుకో చెప్పాలంటే మా కథ చెప్పాలి, కాస్త పెద్దదే.

మాది తాళ్ల కొట్టు. పలుపులు, పగ్గాలు, మోకులు, నులక, నవారు, పురికొస, టార్పాలిన్లు. తాత పెట్టాడు, నాన్న నడిపాడు, చివర్లో నేను కూర్చున్నాను. కట్టడం గురించి ఎక్కువ చెప్తే ఎవరిదో తెలిసిపోతుంది, ఆ ఆఫీసు పేరు నాకెందుకు. గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడలు, మూరెడు పైన మందం. టేకు దూలాల మీద మద్రాస్ టెర్రస్, అంటే ఇటుకా సున్నంతో వేసిన పాతకాలం కప్పు. ముందు కమానుల వరండా, వెనక బాదం చెట్టున్న పెరడు. మే నెల బెజవాడ ఎండలో కూడా మధ్యాహ్నం రెండింటికి ఫ్యాన్ కింద కునుకు తీసేంత చల్లగా ఉండేది. పై గదుల్లో ఒక దస్తావేజు లేఖరి, ఒక టైపు ఇన్‌స్టిట్యూట్, ఒక హోమియో డాక్టరు గారు. డాక్టరు గారి దగ్గరికొచ్చినవాళ్లు దిగేటప్పుడు కింద ఏదో ఒకటి కొనుక్కునేవాళ్లు. ఇప్పుడు మిక్స్‌డ్ యూజ్ అని, అంటే ఒకే కట్టడంలో కొట్లూ ఆఫీసులూ ఇళ్లూ అని, బోర్డు పెట్టి చూపిస్తున్నారు గానీ వన్ టౌన్‌లో అది కొత్తేం కాదు. మెయిన్ బజారులో ఏ పాత మేడ చూసినా కింద కొట్టు, వెనక గోడౌను, పైన కాపురం, డాబా మీద వడియాలు.

మొదట వచ్చింది శిథిలావస్థ నోటీసు. అంతకు ముందు పదేళ్ల పాటు డాబా మీద నీళ్లు పోయే గొట్టం పూడిపోయిందని నాన్న అర్జీలు పెట్టాడు, ఎవరూ రాలేదు. పిట్టగోడలో రావి మొక్క మొలిచి వేళ్లు దిగాయి. నెమ్మెక్కిన గోడకి ఎవరో సిమెంటు పూత పూశారు. సున్నం గోడ ఊపిరి తీసుకునే గోడ. దాని మీద సిమెంటు కొడితే చెమ్మ బయటికి పోయే దారి లేక లోపలే ఉండి ఇటుకని తినేస్తుంది. తర్వాత ఇంజనీర్లు వచ్చి కాంక్రీటుని పరీక్షించే సుత్తి యంత్రం పెట్టి ఆ గోడల్ని చూశారు. సున్నం గోడకి కాంక్రీటు పరీక్ష చేస్తే తేలేదేముంది? నిజానికి అక్కడ పాడైంది పైకప్పు, అదీ రెండు గదుల మీద. గోడలు రాయిలా ఉన్నాయి. అది మాకు ఎలా తెలిసిందంటే, పడగొట్టేటప్పుడు పొక్లెయిన్‌కి మూడు వారాలు పట్టింది.

అందుకని మీరు మొదట అడగాల్సింది ఆ పరీక్ష నివేదిక. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నివేదిక ఇచ్చినవాళ్లూ, కొత్తది కట్టబోయేవాళ్లూ ఒకరేనా చూడండి. పైకప్పు పాడైందని రాశారా, గోడలు కూడానా అన్నది చూడండి. పడగొట్టడం ఒక్కటే దారి కాదు. హైదరాబాద్‌లో 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ని బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు, ఐస్‌క్రీమ్ కొట్లు అక్కడే ఉన్నాయి. మన బందరు రోడ్డు మీద విక్టోరియా జూబిలీ మ్యూజియం ఉంది కదా, 1887లో పునాదిరాయి వేసింది. 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీ గారికి జెండా చూపించిన చోటు. దాన్నీ పడగొట్టలేదు, బాగుచేసి బాపు మ్యూజియం చేశారు. మాదేమీ అంత చరిత్ర ఉన్న కట్టడం కాదు, ఒప్పుకుంటాను. కానీ ముందు కమానుల వరస అలాగే ఉంచి, వెనక పెరట్లో ఎన్ని అంతస్తులు కావాలంటే అన్ని లేపుకోవచ్చు. ఆ మాట మీటింగులో ఒక్క లేఖరి గారే అన్నారు, మేమంతా నవ్వాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

నవ్వడానికి కారణం బొమ్మ. కట్టబోయే కాంప్లెక్స్ రంగుల బొమ్మ తెచ్చి గోడకి పెట్టారు. అద్దాల గోడలు, ముందు ఖర్జూరం చెట్లు, పొట్టి లాగుల్లో తెల్లగా ఎవరో నడుస్తున్నారు. మా కొట్టు ముందు ఎప్పుడూ ఉండే ముఠా కూలీలు గానీ, ట్రాలీ ఆటో గానీ, పూలు కట్టే మామ్మ గానీ ఆ బొమ్మలో లేరు. లేరని అప్పుడు గమనించలేదు. ఏసీ వస్తుందని మావాళ్లు ముచ్చటపడ్డారు.

మాదీ తప్పుంది. ఏళ్లుగా మేం కట్టిన అద్దె పక్క వీధి ప్రైవేటు అద్దెల్లో నాలుగో వంతు కూడా ఉండదు. కొందరు తమ పేరు మీదున్న కొట్టుని ఇంకొకరికి పదింతలకిచ్చి ఇంట్లో కూర్చున్నారు. ఊరి నడిబొడ్డున స్థలం అలా పడి ఉంటే ఏ ఆఫీసరుకైనా లెక్క చూడాలనిపిస్తుంది, అందులో తప్పు పట్టను. 2025లో గవర్నర్‌పేట పాత బస్టాండు దగ్గరి ఆర్టీసీ స్థలం 4.15 ఎకరాలని మాల్‌కి 99 ఏళ్ల లీజుకివ్వాలని ఉత్తర్వు వచ్చినప్పుడు ఊరంతా గొడవైంది గుర్తుందా, అప్పుడు నేను ముందు చూసింది ఆ 99 అనే అంకెనే. స్థలం ప్రజలదే అంటారు, కాగితం మీద ప్రజలదే ఉంటుంది. కానీ మూడు తరాలు దాని మొహం చూడవు. మీ దాంట్లో కట్టేది ప్రైవేటు కంపెనీ అయితే లీజు ఎన్నేళ్లో, మీ అద్దె వసూలు చేసేది ఆఫీసా కంపెనీయా కనుక్కోండి. కంపెనీ అయితే మీరింక ప్రభుత్వ అద్దెదారు కాకపోవచ్చు. అదొక్కటే చాలా మార్చేస్తుంది.

ఇక జాబితా. కొత్త కొట్లు ఇవ్వాల్సినవాళ్ల జాబితా వేస్తే మా కొట్టు మా తాత పేరు మీదుంది. ఆయన పోయి ముప్పై ఏళ్లు. అద్దె మేమే కట్టాం, రసీదులు మాత్రం ఆయన పేరనే వచ్చేవి, ఎవరూ పట్టించుకోలేదు. వారసుల సర్టిఫికెట్టు, బాబాయిల సంతకాలు, ఏలూరులో ఉన్న మేనత్త సంతకం, అన్నీ తెచ్చేసరికి ఎనిమిది నెలలు. మా మేనత్త సంతకం పెట్టడానికి ఒక పట్టుచీర ఖర్చయింది, అది వేరే కథ. మీ రసీదులు ఎవరి పేరున ఉన్నాయో ఈ రోజే చూడండి. జాబితా వేశాక పేరు మార్పించుకోవడం నరకం. కొట్టు సబ్‌లీజుకి నడిపేవాళ్లకి అసలు జాబితాలో చోటే రాలేదు. ఇరవై ఏళ్లుగా కూర్చున్న మనిషి బయటికి, ఊళ్లోనే లేని మనిషి లోపలికి.

పద్దెనిమిది నెలలన్నారు, నాలుగేళ్లు దాటింది. అన్నాళ్లూ కాలవ పక్కన రేకుల షెడ్లలో పెట్టారు. మాదంతా ఊళ్ల నుంచి వచ్చే రైతుల బేరం. బస్సు దిగి, అలవాటైన దారిలో వచ్చి, కొట్టు లేకపోతే పక్కన అడగరు, వేరే కొట్టుకి పోతారు. మొదటి ఏడాదే సగం బేరం పోయింది. వర్షాకాలంలో షెడ్డులోకి నీళ్లొచ్చి కొబ్బరి పీచు తాళ్లు బూజు పట్టాయి. మాతో పాటు వెళ్లినవాళ్లలో ముగ్గురు రెండో ఏటికే మానేశారు. తాత్కాలికం అన్న మాటకి గడువు, గడువు దాటితే నెలకింత అని పరిహారం, ఈ రెండూ రాతలో లేకపోవడం మా ప్రాణం మీదికొచ్చింది. మీరు అడగాల్సింది ఇంకోటి ఉంది: సగం సగం కట్టమనండి. ముందు వెనక భాగం కట్టి మమ్మల్ని అందులోకి మార్చి, తర్వాత ముందు భాగం తీయండి అనండి. ఖర్చెక్కువ అంటారు. అయినా అడగండి.

తిరిగొచ్చాక చూస్తే మా పాత కొట్టు 180 చదరపు అడుగులు, కొత్త కాగితంలోనూ 180 అనే ఉంది. టేపు వేస్తే 126. మిగతాది మెట్లు, లిఫ్టు, నడవా, జనరేటర్ గది, అందులో మా వాటా అట. పాతది గోడ నుంచి గోడకి కొలిచిన కొలత అని నిరూపించడానికి మా దగ్గర ఒక్క కాగితం లేదు, అప్పటికి గోడలూ లేవు. పైగా అద్దె ఆ 180కే, మెయింటెనెన్సు 180కే, జనరేటర్ డీజిలు 180కే. లాటరీ తీస్తే మాకు రెండో వరసలో, లోపలి నడవాలో వచ్చింది. ఫ్యాన్సీ సామాను అమ్ముకునేవాడికి లోపలైనా ఫర్వాలేదేమో. తాడు అలా కాదండీ. మోకు కొలవాలంటే ఒకడు కొస పట్టుకుని వరండా చివరిదాకా నడవాలి. నాన్న బారలతో కొలిచేవాడు, చేతులు రెండూ చాపి. ఆ నడవాలో చేతులు చాపితే ఎదురు కొట్టు అద్దానికి తగిలేవి. లాటరీ మంచిదే, పక్షపాతం ఉండదు. కానీ బరువు సామాను వాళ్లందరినీ ముందు విడిగా తీసి, వాళ్లలో వాళ్లకి రోడ్డు వైపు లాటరీ వేయమని అడగొచ్చు. మాకు ఆ ఆలోచన రాలేదు.

పై అంతస్తు షాపుల గురించి ఒక్క ముక్క: మన ఊళ్లో మెట్లెక్కి కొనే బేరం బట్టలదీ బంగారానిదే. మిగతావి ఖాళీగా ఉంటాయి. మా కాంప్లెక్స్ మూడో అంతస్తులో ఫంక్షన్ హాలు వచ్చింది. ముహూర్తం ఉన్న రోజు కార్లు మా షట్టర్ దాకా. మూఢం వస్తే గానీ మాకు గాలాడేది కాదు. సెల్లార్ కాగితం మీద పార్కింగే, మొదటి పెద్ద వానకి చెరువైంది, మోటారు పెట్టి తోడారు. ఒక పక్క కృష్ణ, ఊరి మధ్య నుంచి మూడు కాలవలు పోయే ఊళ్లో సెల్లార్ తవ్వేవాళ్లని ఆ నీళ్లెటు పోతాయో అడగాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఏం చేసిందో, బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు ఎలా వచ్చాయో చూసినవాళ్లం.

ఇప్పుడు పూల మామ్మ సంగతి. ఆవిడకి కొట్టు లేదు, మా వరండా మెట్టు మీద కూర్చునేది. మా జాబితాలో ఆవిడా లేదు, చెప్పులు కుట్టే ఆయనా లేడు, నిమ్మకాయల బండీ లేదు. నిజం చెప్పాలంటే పొద్దున ఆరింటికి జనం వచ్చేది వాళ్ల కోసమే, మేం తొమ్మిదింటికి తెరిచేవాళ్లం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లని కదిలించాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. యాభై ఏళ్లు దాటి వీధి వ్యాపారం సాగుతున్న సహజ మార్కెట్లని వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలి, అక్కడివాళ్లని కదిలించకూడదు అని కూడా ఆ చట్టంలో ఉంది. ఈ సంగతి మాకు అన్నీ అయిపోయాక ఒక లాయరు గారు చెప్పారు. మీ కట్టడం ముందు అలాంటివాళ్లుంటే వాళ్లని కూడా మీ సంఘంలో కలుపుకోండి. వాళ్ల చేతిలో ఉన్న చట్టం మన అద్దె కొట్ల వాళ్ల చేతిలో లేదు.

మీ నాన్నగారిని ఈ ఆదివారం కొట్టు మూశాక ఇద్దరు పక్కవాళ్లతో కలిసి టేపు పట్టమనండి. గోడ నుంచి గోడకి, వరండాతో కలిపి. కొలిచేటప్పుడు ఫొటోలు తీయండి, కొలతలు రాసి ముగ్గురూ సంతకాలు పెట్టి, ఒక ప్రతి ఆ ఆఫీసు ఇన్‌వర్డులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. సమ్మతి పత్రం మీద సంతకం ఆ తర్వాత. తొందరపెడితే ఏలూరులో మేనత్త ఉందని చెప్పండి.

మేం ఆ 126 అడుగుల్లో ఏడాదిన్నర కూర్చుని వదిలేశాం. ఇప్పుడు గొల్లపూడి వైపు రోడ్డు మీద రేకుల కొట్టే, ప్రైవేటు అద్దె, వేసవిలో నిప్పుల కుంపటి. ముందు మాత్రం నలభై అడుగుల ఖాళీ ఉంది, మోకు బారుగా పరిచి కొలుస్తున్నాం.