మామిడికి లైట్లు పెడితే పూత వస్తుందా?

ప్రశ్న: మాకు 4 ఎకరాల బంగినపల్లి తోట ఉంది, 12 ఏళ్ల చెట్లు. నిరుడు పూత సరిగా రాలేదు. ఇప్పుడు నవంబరు వచ్చినా చాలా చెట్లు ఎర్ర చిగురే వేస్తున్నాయి. పక్క రైతు డ్రాగన్ ఫ్రూట్ తోటలో రాత్రిళ్లు ఎల్ఈడీ బల్బులు వెలిగించి చలికాలంలోనూ పూత తీస్తున్నాడు. మేమూ పెట్టొచ్చా? వారం వారం డ్రిప్పుతో నీళ్లిస్తున్నాం, సెప్టెంబరు ఆఖర్లో యూరియా వేశాం. హార్మోన్ లోపమని షాపులో ఇచ్చిన జిబ్బరెల్లిక్ ఆమ్లం రెండుసార్లు కొట్టాం.
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: బల్బులు కొనకండి. డ్రాగన్ ఫ్రూట్ పగలు ఎక్కువగా ఉన్నప్పుడు పూసే పంట. మన దగ్గర జూన్‌లో పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరులో 11. ఆ పొడవైన రాత్రిని మధ్యలో వెలుతురుతో తెంపితే దానికి ఎండాకాలమే అనిపిస్తుంది. మామిడికి ఈ లెక్క లేదు. దానికి కావలసింది ముదిరిన కొమ్మ, చల్లని రాత్రులు, కాస్త నీటి ఎద్దడి.

మీ తోటలో హార్మోన్ లోపం లేదు, ఎక్కువైంది. మీరు కొట్టిన జిబ్బరెల్లిక్ ఆమ్లం జిబ్బరెల్లిన్ అనే చిగురు పెంచే హార్మోన్, మామిడిలో పూతను ఆపుతుంది. నీళ్లు, యూరియా ఇచ్చి మీరే చిగురు తెప్పించారు, దానిపై ఇదీ కొట్టారు. ద్రాక్షలో పండు సైజు కోసం వాడే మందును మామిడి పూతకని అంటగట్టే డీలర్లతోనే మాకు తలనొప్పి. సీసా మీద ‘ఫ్లవరింగ్’ అని రాసి ఉంటే చాలదు. వెనక లేబుల్లో ఏ మందు, ఎంత శాతం, ఏ పంటకు అన్నది చూడండి. అవి లేని సీసా ముట్టుకోవద్దు. బిల్లు తప్పకుండా అడగండి.

ఈ రోజే నీళ్లు ఆపండి. పిందెలు బఠాణీ గింజంత అయ్యాకే మళ్లీ మొదలుపెట్టాలి. యూరియా జోలికి పోవద్దు. తర్వాత చెట్టు చెట్టుకూ కొమ్మల చివరి ఆకులు చూడండి. ముదురాకుపచ్చగా ఉండి, గుప్పిట్లో నలిపితే పెళపెళా విరిగితే కొమ్మ ముదిరినట్టు. అలాంటి చెట్లకే పొటాషియం నైట్రేట్ (13-0-45) లీటరుకు 10 గ్రాములు, అంటే 200 లీటర్ల డ్రమ్ముకు 2 కిలోలు కలిపి, సాయంత్రం పూట ఆకులన్నీ తడిసేలా పిచికారీ చేయండి. మెత్తటి ఎర్ర చిగురున్న చెట్లపై కొడితే డబ్బు దండగ, అవి ఈ ఏడు ఆలస్యంగా పూస్తాయి లేదా అసలు పూయవు.

ఇక కల్టార్ అంటారేమో. అందులో ఉండే ప్యాక్లోబ్యుట్రజాల్ అనే మందు చెట్టులో జిబ్బరెల్లిన్ తయారీని అడ్డుకుంటుంది, మీరు చేసిన దానికి సరిగ్గా విరుగుడు. కానీ దాని అదును దాటిపోయింది, ఇప్పుడు పోయొద్దు. వచ్చే ఏడు కోత కాగానే తేలిగ్గా కత్తిరింపులు చేసి, ఎరువులు వేసి చిగురు రానివ్వండి. జులై 15 – ఆగస్టు 15 మధ్య 23 శాతం మందును, కొమ్మల విస్తీర్ణం అడ్డంగా కొలిచి మీటరుకు 3 మి.లీ. చొప్పున వాడండి. 5 మీటర్లుంటే 15 మి.లీ. దాన్ని 10 లీటర్ల నీటిలో కలిపి, పాదులో 10–15 సెం.మీ. లోతు గాడి తీసి పోయాలి. నేల తడిగా ఉండాలి. నీరసించిన చెట్లకు వద్దు. నేలలో ఇది ఏళ్ల తరబడి ఉంటుంది, కాబట్టి ఆ మరుసటి ఏడు మోతాదు సగం చేయండి.