ఆ కార్బురేటర్ కొనేముందు

చి. సౌ. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వూ అల్లుడూ 1976 నాటి జీఎంసీ మోటార్‌హోమ్, అదే ఇల్లులాంటి బండి, కొన్నారనీ, దానిలో పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్ నువ్వే మారుస్తానంటున్నావనీ మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. చిన్నప్పుడు నా పనిముట్ల పెట్టె ముందేసుకుని స్పానర్లు సైజులవారీగా పేర్చేదానివి. ఆ పిల్ల ఇప్పుడు ఇరవై ఆరడుగుల బండి ఇంజిన్ మీద చెయ్యి వేస్తోందంటే ఎంత సంతోషం వేసిందో! కానీ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. నీ బండిలోది ఓల్డ్స్‌మొబిల్ 455, అంటే 455 ఘనపుటంగుళాల, ఏడున్నర లీటర్ల ఇంజిన్. కంపెనీ దాని మీద పెట్టింది రోచెస్టర్ క్వాడ్రాజెట్ అనే కార్బురేటర్. కార్బురేటర్‌కి డ్రైవరు వైపు పక్కన నంబరు కొట్టి ఉంటుంది. 1976 నుంచి వచ్చినవాటికి అది 170తో మొదలవుతుంది, అంతకు ముందువాటికి 70తో. ఇన్నేళ్లలో ఎవరు ఏది తెచ్చి బిగించారో ఆ నంబరు చూస్తేనే తెలుస్తుంది.

పెద్ద కార్బురేటర్ పెడితే కొండలు బాగా ఎక్కుతుందని అల్లుడు అంటున్నాడట. వద్దని చెప్పు. 455ని నిమిషానికి 4000 చుట్లతో గుణించి 3456తో (ఘనపుటడుగుకు 1728 ఘనపుటంగుళాలు, ఇంజిన్ పీల్చేది రెండు చుట్లకు ఒకసారి) భాగిస్తే 527 వస్తుంది. ఇంజిన్ నిండుగా పీల్చినా నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలే కావాలి, నిజానికి అంత కూడా పీల్చదు. మరి క్వాడ్రాజెట్ 750 ఘనపుటడుగులది కదా అంటావేమో. గాలి లోపలికి పోయే దాని ముందు గొంతులు రెండూ చిన్నవి, వెనకవి పెద్దవి. వెనకవాటి మీది రేకు ఇంజిన్ పీల్చినంత మేరకే తెరుచుకుంటుంది, కాబట్టి నిదానంగా పోయేటప్పుడు పని అంతా చిన్నవాటిదే. బరువు బండికి ఇంతకన్నా తగినది నాకు కనిపించలేదు. ఇంకో రకం పెట్టాలంటే కింద అడాప్టర్ పలక కావాలి, ఎత్తు పెరుగుతుంది, ఇంజిన్ మీది మూత కూర్చోదు. బాగుచేసిన క్వాడ్రాజెట్టే తీసుకో. కొనేముందు థ్రాటిల్ ఇరుసు, అంటే గొంతుల్లోని రేకులను తిప్పే కడ్డీ, పట్టుకుని కదిపి చూడు, వదులుగా ఆడితే కొనకు. లోపల పెట్రోలు మీద తేలే ఫ్లోట్ కొత్తదేనా అని అడుగు. పాతవి పెట్రోలు పీల్చి బరువెక్కుతాయి, కార్బురేటర్ పొంగుతుంది.

ఇక అసలు సంగతి. పెట్రోలు లోపలికి వెళ్లే చోట ముందువైపు ఒక పెద్ద నట్టు ఉంటుంది. దాని జోలికి వెళ్లేముందు ఇది చదువు.

మాకూ ఇలాంటి బండే ఉండేది, 1984 వేసవిలో నేను దాని కార్బురేటర్ విప్పి మళ్లీ పెట్టాను. ఆ నట్టు దగ్గర ఒక్క బొట్టు కారింది. బిగించాను. మళ్లీ కారింది. ఇంకా బిగించాను. నట్టు ఉక్కుది, కార్బురేటర్ ఒళ్లు మెత్తటి జింకు లోహం. చేతికింద ఏదో జారినట్టయింది, మరలు తెగిపోయాయి. మర్నాడే ప్రయాణం. నీళ్ల పైపులకు చుట్టే తెల్లటి టేపు చుట్టి పెట్టేశాను. కారడం ఆగింది. ఎవరికీ చెప్పలేదు.

నెవాడాలోని రీనో దాటి కాలిఫోర్నియాలో డానర్ కనుమ ఎక్కుతున్నాం, ఏడు వేల అడుగుల ఎత్తు. వెనక మంచం మీద మీ పెద్దమ్మ, పక్కన మీ అన్నయ్య, వాడికి మూడేళ్లు. "పెట్రోలు వాసన వస్తోందండీ" అంది మీ పెద్దమ్మ. ముందు పోతున్న లారీది అన్నాను. మళ్లీ అంది. మళ్లీ అదే మాట చెప్పాను. మూడోసారి ఆమె కంఠం విని బండి పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, మూత ఎత్తాను. కార్బురేటర్ కింద ఉండే మానిఫోల్డ్ వేడిగా ఉంది, దాని పల్లంలో పెట్రోలు మెరుస్తూ నిలిచి ఉంది. పైనుంచి బొట్టు పడడం, పడగానే సుర్రుమని ఆవిరవడం. ఆ ఇంజిన్ ఉన్నది ఇంటి నేల కిందే తల్లీ! అంటుకుని ఉంటే వాళ్లిద్దరూ ఏమయ్యేవాళ్లో!

అంటుకోలేదు. మీ పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. పిల్లవాడి చొక్కా కాలరు మాత్రం పొద్దుగూకే దాకా వదల్లేదు. బండి కదులుతుండగా ఆమె మళ్లీ ఎన్నడూ పడుకోలేదు.

అందుకే చెబుతున్నాను. కొత్త వాషర్ వెయ్యి. నట్టు వేళ్లతోనే మొదలుపెట్టు, వేళ్లతో తిరగకపోతే వంకరగా పడినట్టే, తీసి మళ్లీ పెట్టు. పైపు బిగించేటప్పుడు రెండు స్పానర్లు, ఒకటి నట్టును కదలనీయకుండా పట్టుకోవడానికి. కారితే బిగించకు, విప్పి చూడు. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ పాత రబ్బరును తినేస్తుంది కాబట్టి గొట్టాలన్నీ మార్చెయ్యి. స్టార్టు కాలేదని గొంతులో పెట్రోలు పొయ్యకు, నీకు పుణ్యముంటుంది. మంటలార్పే సిలిండర్ సీటు పక్కనే ఉండాలి, సంచుల కింద కాదు.

నంబరు చూసి ఫోను చెయ్యి. మొదటిసారి స్టార్టు చేసేది నేను వచ్చాకే. మూత తెరిచి పెట్టి, లైటు పట్టుకుని పది నిమిషాలు ఆ నట్టునే చూస్తూ కూర్చుంటాను. మీ పెద్దమ్మ కూడా వస్తానంది. ఆ బండికి చక్రాలు ఆరని ఆమెకు ఇంకా గుర్తుంది, ఆరు నిమ్మకాయలు తెచ్చి పెట్టింది.

పెదనాన్న