క్రైస్తవులు ఫాంటసీ పుస్తకాలు చదవొచ్చా?

చదవొచ్చు, ఊహాకథలు చదవడం పాపమని బైబిల్లో ఎక్కడా లేదు. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం వద్దన్నది సోదె, శకునాలు, మంత్రవిద్య, చనిపోయినవాళ్లను సంప్రదించడం లాంటివి నిజంగా చేయడాన్ని. కథలో మంత్రగాడు వచ్చినంత మాత్రాన చదివినవాళ్లు ఆ పని చేసినట్టు కాదు.

అసలు కల్పిత కథ ఒకటి బైబిల్లోనే ఉంది. న్యాయాధిపతులు 9లో యోతాము గెరిజీము కొండెక్కి షెకెము ఊరివాళ్లకు చెప్పింది మాట్లాడే చెట్ల కథ. మాకు రాజుగా ఉండమని చెట్లన్నీ ఒలీవను, అంజూరాన్ని, ద్రాక్షను అడిగితే అవి ఒప్పుకోవు, చివరికి ముళ్లపొద "నా నీడలోకి రండి" అంటుంది. ముళ్లపొదకు నీడెక్కడిది? సొంత అన్నదమ్ముల్ని చంపిన అబీమెలెకును రాజుగా చేసుకున్న ఆ షెకెమువాళ్లకు తగలాల్సిన దెబ్బంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఇక హనుమకొండలోనో కాజీపేటలోనో పిల్లలు అట్ట మీద డ్రాగన్ బొమ్మున్న పుస్తకం ఇంటికి తెస్తే పెద్దవాళ్లకు టెన్షన్, ఎఫెసులో విశ్వాసులు పుస్తకాలు కాల్చేశారు కదా అంటారు. అపొస్తలుల కార్యములు 19లో కాలింది కథల పుస్తకాలు కాదండీ, మంత్రవిద్య చేసేవాళ్లు వాడుకున్న సొంత పుస్తకాలు, 50,000 వెండి నాణేల విలువైనవి. చదివాక ఆ మంత్రాలేవో నిజంగా చేసి చూద్దామనిపిస్తే మాత్రం ఆ పుస్తకం పక్కన పెట్టేయాలి.