ఒకే హెచ్‌డీఎంఐ ఉన్న లాప్‌టాప్‌కి రెండు మానిటర్లు, మధ్యలో కరెంటు కోతలు

విజయనగరంలో ఇంటి నుంచి పని చేస్తున్నానని, లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉందని, రెండు మానిటర్లు పెడితే కరెంటు పోయినప్పుడు ఎలాగని అడిగారు. శ్రీకాకుళంలో మేడమీద గదిలో నేనూ కొన్నేళ్లుగా ఇలాగే పని చేస్తున్నానండీ.

మానిటర్ల ధరలు చూసే ముందు లాప్‌టాప్‌కున్న టైప్-సి పోర్టు చూడండి. దాని పక్కన బాణం మొనతో ఉండే మెరుపు గుర్తు (థండర్‌బోల్ట్) గానీ, డీలో పీ ఇమిడినట్టుండే డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ ఉంటే అందులోంచి వీడియో వస్తుంది. గుర్తు లేకపోతే కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కి 'డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్' రాసి ఉందేమో వెతకండి. ఛార్జింగ్‌కీ ఫైళ్ల కాపీకీ తప్ప పనికిరాని టైప్-సి పోర్టులు బోలెడు, ఆకారం చూసి కేబుల్ కొంటే డబ్బు దండగ. వీడియో వస్తే ఒక మానిటర్ హెచ్‌డీఎంఐకి, రెండోది టైప్-సికి. రాకపోతే మామూలు యూఎస్‌బీ ద్వారానే వీడియో పంపే డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న అడాప్టర్ తీసుకోవాలి. దానికి డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ వేయాలి కాబట్టి ఆఫీసు లాప్‌టాప్ అయితే ముందే ఐటీ వాళ్లను అడగండి. ఎం1, ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌లు నేరుగా ఒక్క మానిటర్‌నే నడుపుతాయి, వాటికీ ఇదే దారి.

ఇక కరెంటు. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటిదానికి ఇంట్లో ఏ ఏర్పాటూ చాలదు, నేను చెప్పేది మామూలు కోతల సంగతి. కోత పడగానే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, మానిటర్లు మాత్రం ఆరిపోతాయి. వాటి మీద తెరిచినవన్నీ వచ్చి లాప్‌టాప్ చిన్న తెర మీద ఒకదానిపై ఒకటి పడతాయి. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేస్తున్నప్పుడు అలా జరిగితే టెన్షనే. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, మల్టిపుల్ డిస్‌ప్లేస్‌లోకి వెళ్లి 'రిమెంబర్ విండో లొకేషన్స్' అని మొదలయ్యే గడిలో టిక్ పెట్టండి. మానిటర్ మళ్లీ వెలగగానే విండోలు చాలావరకు తమ చోటికి వెళ్లిపోతాయి.

అసలు ఆరిపోకుండా చూసుకోవడం ఇంకా మేలు. 24 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ సుమారు 20-25 వాట్లే తీసుకుంటుంది. రెండూ కలిపినా పాత సీలింగ్ ఫ్యాను కన్నా తక్కువే కాబట్టి ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే నిశ్చింతగా ఆ లైనుకి కలపండి. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ మీట ఉంటే దాన్ని అటు వేసి ఉంచండి, లేదంటే కరెంటు మారేటప్పుడు తెర ఒక్కసారి ఆరి వెలగొచ్చు. ఫైబర్ బాక్సునీ రూటర్‌నీ మరిచిపోవద్దు. నెట్ లేకుండా రెండు తెరలు వెలిగి ఏం లాభం? ఉరుముల వాన వచ్చేలా ఉంటే మాత్రం స్పైక్ బస్టర్‌ని నమ్ముకోకుండా, ఉరుములు మొదలవక ముందే ప్లగ్గులు పీకేయండి.

మీరు అడగలేదు గానీ, మెడ గురించి చెప్పకుండా ఉండలేను. రెండు మానిటర్లనీ సమానంగా పెట్టి, వాటి మధ్య అంచు ముఖానికి ఎదురుగా వచ్చేలా కూర్చుంటే మెడ రోజంతా ఏదో ఒక పక్కకి తిరిగే ఉంటుంది. ఎక్కువసేపు చూసేదాన్ని తిన్నగా ఎదురుగా, చేయి చాచినంత దూరంలో, పై అంచు కంటి ఎత్తుకి వచ్చేలా పెట్టండి. రెండోది పక్కన, కొంచెం మీ వైపు తిప్పి ఉండాలి. నా రెండోదాన్ని నిలువుగా తిప్పేశాను, పొడవాటి కోడ్ చదవడానికి హాయిగా ఉంది. బల్ల మీద ఎటు ఉందో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనూ బొమ్మను అటే లాగి పెట్టండి, లేకపోతే మౌస్ ఒక పక్కకి లాగితే బాణం ఇంకో పక్క తేలుతుంది. విండోస్ మీటా షిఫ్టూ నొక్కి పట్టి కుడి లేదా ఎడమ బాణం నొక్కితే విండో పక్క తెరకి దూకుతుంది.

డబ్బు చూసుకోవాల్సి వస్తే ముందు ఎత్తు మార్చుకునే స్టాండ్ ఉన్న మంచి మానిటర్ ఒక్కటే కొని, లాప్‌టాప్ తెరనే రెండోదిగా వాడండి. దానితో కొన్నాళ్లు పని చేశాక కూడా చోటు చాలడం లేదనిపిస్తే అప్పుడు ఇంకోటి తెచ్చుకోవచ్చు.